తొంభై మైళ్ల బండి, అరవై గజాల పడుగు

...ఆగడం చేతకాని యంత్రం అది, సరే. కదలడం కూడా చేతకాకపోతే దాన్ని ఏమనాలి? మనిషి అనాలేమో. తనలాంటి మనిషి.

చెంగల్రాయలు ఆ ఆలోచనను అక్కడే తుంచేయాలనుకున్నాడు. కానీ వేలూరు కోట అగడ్త పక్కన, పొద్దున ఆరింటికి, మూడు వందల పౌన్ల ఇనుమును నెట్టుకుంటూ పరిగెత్తేవాడికి ఆలోచనలు తుంచే తీరిక ఎక్కడిది? ఇది మూడో పరుగు. నెట్టాలి, పరిగెత్తాలి, ఇంజను అందుకోగానే ఎగిరి సీటు మీద కూర్చోవాలి. మొదటిసారి ఇంజను అందుకోలేదు. రెండోసారి అందుకుంది కానీ అతను ఎగరలేదు. ఎగరాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణంలో అది దగ్గి, ఉమ్మి, చచ్చిపోయింది.

దాని పేరు టెంపెస్ట్. 'అంగట్లో కొనగలిగిన మోటారు సైకిళ్లలో ప్రపంచంలోకెల్లా వేగమైనది. గంటకు తొంభై మైళ్లు, గ్యారంటీ' అని కెస్లర్ పంచిన కాగితంలో అచ్చువేసి ఉంది. క్లచ్ లేదని, గేర్లు లేవని, బ్రేకు ఉన్నా లేనట్టేనని, ఒకసారి ఆగితే మళ్లీ మనిషే దానికి గుర్రం కావాలని ఆ కాగితంలో లేదు.

కెస్లర్ స్విట్జర్లాండు వాణ్ణని చెప్పుకొనే సేల్స్‌మన్. 1914లో జర్మనీతో యుద్ధం మొదలైన మూడో వారంలో రెండు టెంపెస్టులతో వేలూరు వచ్చాడు. జర్మన్ గూఢచారి అన్న అనుమానం మద్రాసు పోలీసుల సీక్రెట్ బ్రాంచికి ఉంది, రుజువు లేదు. అందుకని బ్రాంచి ఒక లేని జమీందారును పుట్టించి, అతని పేరున ఒక బండి కొనిపించి, ఏజెంట్ నలభై ఒకటిని ఆ జమీందారు షోఫర్‌గా పంపింది. ఏజెంట్ నలభై ఒకటి అంటే చెంగల్రాయలు. ఖాకీ కోటు, గాగుల్స్, జిగురుతో అంటించిన మీసం. తొమ్మిది రోజులు కెస్లరే అతనికి బండి నేర్పాడు. శత్రువు దగ్గర శిష్యరికం! "నో స్టాప్," అనేవాడు కెస్లర్ వేలు ఆడిస్తూ. "స్టాప్ అంటే ఫినిష్."

ఆ పొద్దున అయిదు ఏభైకి బ్రాంచి ఇన్‌స్పెక్టర్ జానకిరామన్ అతణ్ణి పిలిపించాడు. బజారులో సోడా ఫ్యాక్టరీ వెనక గది. ఆ ఫ్యాక్టరీ బ్రాంచిదే. అందులో తయారయ్యే సోడా మాత్రం ఎవరూ తాగరు.

"విను. బెంగళూరు నుంచి ట్రూప్ స్పెషల్ బయల్దేరింది. ఏడు వందల మంది సిపాయిలు. ఏడు ఇరవై ఎనిమిదికి గుడియాత్తం స్టేషన్ దాటతాది. నిలవదు. అది దాటినాక మైలున్నర లోపల, పట్టాల కింద నీళ్లు పోయే ఏదో ఒక మోరీలో బాంబు. క్లాక్‌వర్క్. ఏడు ముప్పై రెండు."

"టెలిగ్రాం సార్?"

"లత్తేరి దగ్గర తీగ కోసేసినారు. ఏ మోరీ అని తెలీదు. స్టేషన్‌లోనే రైలు నిలపాల. పుష్పవతీ, సంగతి ఖాయమేనా?"

పుష్పవతి సోడా బుడ్ల పెట్టె మీద కాలు మీద కాలు వేసుకొని కూర్చుని ఉంది. నాటకాల కంపెనీ హీరోయిన్. ఆమె పేరు గోడల మీద ఉంటే చాలు, టిక్కెట్లు మిగలవు. జర్మన్ల దగ్గరా తమ దగ్గరా పనిచేసే డబుల్ ఏజెంట్ అని ఇక్కడ ముగ్గురికి తెలుసు. అక్కడ ఎందరికి తెలుసో తెలియదు.

"కెస్లర్ దొర నోటితోనే చెప్పినాడప్పా. నిన్న రిహార్సల్‌కి వచ్చి, నా చేత రెండు పాటలు పాడించుకొని, సంతోషం పట్టలేక కక్కేసినాడు."

"మన చేతిలో ప్రపంచంలోనే వేగమైన బండి ఉండాది," అన్నాడు జానకిరామన్. "ఇరవై నాలుగు మైళ్లు, పదహారు నిమిషాలు. లెక్క సరియా?"

"లెక్క సరే సార్. రోడ్డే..."

"రోడ్డు సంగతి రోడ్డు మీద ఆలోచించు. సీక్రం, బయల్దేరు! ఒక మాట. ఎందుకు, ఏమి అని ఒక్క ప్రాణికి చెప్పకూడదు. స్టేషన్ మాస్టరుకు కూడా రైలు నిలపమని చెప్పు, అంతే. ఈ గూఢచారి రింగ్‌లో మిగిలినోళ్లు దొరికేదాకా నోరు తెరిచినావంటే నీకు జైలే."

చెంగల్రాయలు గుమ్మం దాటుతుంటే పుష్పవతి వెనక నుంచి అంది: "నాయనా, మీ వీధి గుండానే పోతావు కదా. మీ పెద్దమ్మను అడిగినానని చెప్పు."

తనది గుడియాత్తం అని ఆమెకు తెలియడంలో వింత లేదు. అడిగినానని చెప్పమనడంలోనే ఏదో ఉంది. అది ఆలోచిస్తూనే మొదటి పరుగు పాడుచేసుకున్నాడు.

మూడో పరుగులో ఇంజను అందుకుంది. ఈసారి కళ్లు మూసుకొని ఎగిరాడు.

పాలారు దాటేసరికే కోపం మొదలైంది. రోడ్డు మీద కోపం, తర్వాత రోడ్డు మీద ఉన్నవాటన్నిటి మీద కోపం. వేరుశనగ మూటల బండ్లు పదిహేడు, ఒకదాని వెనక ఒకటి, బండివాళ్లందరూ నిద్రలో. ఎద్దులు ఇంజను చప్పుడుకు బెదిరి రోడ్డుకు అడ్డం తిరిగాయి. ఆగాడు, అంటే ఇంజను ఆగింది. నెట్టాడు, పరిగెత్తాడు, ఎగిరాడు. అర మైలు పోగానే గొర్రెల మంద. మళ్లీ ఆగాడు. మంద కాపరి తీరిగ్గా ఆ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇది ఏమి తింటాది సామీ?" అని అడిగాడు.

"నన్ను తింటాది. మందను తొలగించు."

"మంద తొలగాలంటే అది తొలగాలనుకోవాల గదా."

ఇంకో మైలు పోయాక వెనక చక్రంలో గాలి పోయింది. బ్రాంచి వాళ్లు అతనికి ఇచ్చిన గాలి పంపులో ఒక పిస్టల్ దాగి ఉంది. ఒక గుండు పేలుతుంది. ఆ పంపుతో చెయ్యలేని పని ఒక్కటే, గాలి కొట్టడం. చక్రంలోకి ఎండుగడ్డి కుక్కి మళ్లీ పరిగెత్తాడు.

తొంభై మైళ్లు పోగల బండి మీద తను గంటకు ఇరవై ఆరు మైళ్లు పోతున్నాడు. ఈ లెక్క అతన్ని కుట్టింది. తనలోనూ అంతే గదా, వేగం ఎక్కడో లోపల ఉంటుంది, దారే దొరకదు. లీవు లెటరు రాయాలన్నా మూడు చిత్తుప్రతులు. పెండ్లి సంబంధానికి అవును అనేలోపల ఆ పిల్లకు ఇంకొకరితో పెండ్లయిపోయింది. పదకొండేళ్లుగా గుడియాత్తం పోదామా వద్దా అని ఆలోచిస్తూ పోనేలేదు.

జీవితంలో ఒక్క పనే అతను తడుముకోకుండా చేశాడు. ఆగస్టులో పెద్దమ్మ కొడుకు ఎల్లప్ప మద్రాసు వచ్చాడు. యుద్ధంతో జర్మనీ రంగులు రావడం ఆగిపోయింది, ఎర్ర నూలు లేదు, మగ్గాలు నిద్రపోతున్నాయి. "పటాలంలో చేరతా, ఒక కాగితం రాసియ్యి," అన్నాడు. చెంగల్రాయలు నిలబడినచోటే, ఒక్క కొట్టివేత లేకుండా, సిఫారసు కాగితం రాసిచ్చాడు. ఆ ఎల్లప్ప ఇప్పుడు ఆ రైల్లో ఉన్నాడు. సిపాయిల జాబితాలో ఆ పేరు మీద టిక్కు పెట్టింది కూడా తనే.

ఏడు గంటలు కావడానికి అయిదు నిమిషాలు ఉండగా గుడియాత్తం వచ్చింది. కౌండిన్య నది ఎర్రగా పొంగి కింది దారిని మింగేసింది. స్టేషన్ రోడ్డు ఎక్కాలంటే పై వంతెన ఒక్కటే దిక్కు. వంతెనకు పోవాలంటే నేతగాళ్ల వీధి గుండా పోవాలి. తన వీధి. స్టేషన్ అక్కడి నుంచి నాలుగు మైళ్లు. పుష్కలంగా టైమ్ ఉంది. మొదటిసారి గుండె కొంచెం తేలికైంది.

మలుపు తిరిగాడు. వెంటనే చెయ్యి తనకు తానే ఇంజను ఆపేసింది.

వీధి నిండా పడుగు చాపి ఉంది.

నేతగాడి బిడ్డకు అది చూడగానే కాళ్లు ఆగుతాయి. బుద్ధి తర్వాత వస్తుంది. మగ్గానికి ఎక్కించబోయే వేల నిలువు పోగులను అరవై గజాల పొడవున నడుమెత్తున బిగించి, గంజి పూసి, కుంచెతో దువ్వుతారు. తడి ఆరేదాకా దాన్ని వదులు చెయ్యకూడదు, వదులైతే పోగులు అంటుకొని పడుగంతా పాడే. ఎవరూ దాటకూడదు, కిందనుంచి దూరకూడదు. శవాన్ని మోసుకొచ్చినా పడుగు ఆరేదాకా పక్కన దించి కూర్చుంటారు. అయితే మామూలు రోజుల్లో వీధికి ఒక పక్క ఒకటో రెండో చాపి, ఇంకో పక్క దారి వదులుతారు. ఈరోజు గోడ నుంచి గోడకు మూడు వరసలు. సందు లేదు.

"నిలిపినావా? బతికించినావు," అంది నడిమి పడుగు దగ్గర కుంచె పట్టుకొని నిలబడిన ముసలామె. అలివేలమ్మ, అతని పెద్దమ్మ. గాగుల్స్‌ను, మీసాన్ని కాసేపు చూసింది. "ఆ నిలబడే తీరు యాడో చూసినానే... ఒరే! చెంగల్రాయుడా? ఏమిరా ఆ మీసం, బల్లి అతుక్కున్నట్టు?"

మారువేషం నాలుగు క్షణాలు నిలిచింది.

"పెద్దమ్మా, దారి కావాల. ఇప్పుడే."

"ఆరినాక పో. ఇప్పుడే గంజి పెట్టినాము. పదకొండేండ్లు రానోడికి ఒక గంట ఓర్పు లేదా?"

"ఒక్కరోజే వీధి వీధంతా ఎందుకు చాపినారు?"

"నాటకాలామె వచ్చింది గదా, పుష్పవతి. ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి ఇంటింటికీ ఎర్ర నూలు పంచి పోయింది. ఎవరో దొర ఆర్డరంట. ఒకటే షరతు, ఈ పొద్దు తెల్లారేసరికి అందరూ ఒకేసారి చాపాల. రెండు నెలలైంది నాయనా ఎర్ర నూలు కంటబడి. పగలే చాపమనింది, నిప్పుల్లో చాపమనినా చాపుతుంటిమి."

చెంగల్రాయలుకు నవ్వు వచ్చింది, ఏడుపు పక్కగది నుంచి వచ్చే నవ్వు. పుష్పవతి బాంబు సంగతి తమకు చెప్పింది. తను ఎవరో, ఏ ఊరివాడో, తన దారి ఎట్లా మూయాలో కెస్లర్‌కు చెప్పింది. రెండు కొలువులకూ న్యాయం చేసింది మహాతల్లి. ముళ్లకంచె వేస్తే పోలీసులు తీసేస్తారు, చెట్టు పడేస్తే నరికేస్తారు. పడుగును మాత్రం ఈ ఊళ్లో ఎవడూ ముట్టడు. నేతగాడి కొడుకు అసలే ముట్టడు. కెస్లర్ ఎంచుకున్నది వీధిని కాదు, తన తలకాయ లోపలి ఒక గదిని.

ఏడు అయిదు.

చెప్పేస్తే? 'నీ కొడుకు ఉన్న రైలు పేలబోతోంది పెద్దమ్మా.' ఒక్క మాట. ఆమె తనే కోసేస్తుంది. కానీ ఆమె అరుస్తుంది, వీధి అరుస్తుంది, ఆ నూలు పంచినవాళ్ల చెవులు ఈ అరుగుల మీద ఎక్కడో ఉండే ఉంటాయి. రింగ్ మాయమవుతుంది, ఇంకో రైలు, ఇంకో మోరీ. చెప్పకూడదు. చెప్పకుండా కొయ్యాలి. కోస్తే... పడుగు తెగితే వంశం తెగినట్టని అంటారు. ఆమె ఇంట్లో మిగిలిన వంశం ఒకడే.

ఏడు తొమ్మిది. అతను ఇంకా నిలబడే ఉన్నాడు. తనను తాను చూస్తున్నాడు, ఎదుటి అరుగు మీద నుంచి చూస్తున్నట్టు: ఒక మనిషి, పక్కన ప్రపంచంలోకెల్లా వేగమైన బండి, ఎదురుగా నూలు. ఆ దృశ్యం మీద అతనికి ఎంత అసహ్యం కలిగిందంటే, చెయ్యి గంజి కుండ పక్కనున్న చిన్న కత్తిని ఎప్పుడు అందుకుందో అతనికి తెలియలేదు.

"ఒరే, ఆ కత్తి ఎందుకు... ఒరే!"

నడిమి పడుగు కొస మీద కత్తి అడ్డంగా లాగాడు. బిగిసిన పోగులు వీణ తీగలు తెగినట్టు మోగి, వెనక్కి ఎగిరి, తడిగా కూలాయి.

వీధిలో అన్ని గొంతులూ ఒకేసారి లేచాయి. చెంగల్రాయలు తెగిన కొసను రెండు చేతులా కావలించుకొని, చుట్టుకుంటూ, అడ్డం వచ్చిన కర్రలను తన్నుకుంటూ అరవై గజాలూ పరిగెత్తాడు. నీళ్లలో మునిగిన మనిషిని మోసినట్టుంది ఆ బరువు. రెండు పక్కలా మగవాళ్లు పళ్లు కొరుకుతున్నారు.

"పట్టుకోండప్పా వాణ్ణి!" అని అరిచాడు అంకప్ప అనే నేతగాడు.

"ఎట్ట పట్టుకొనేది? నీ పడుగు దాటి వచ్చేదా?"

"నా పడుగు మీద చెయ్యి వేసినావంటే చూడు!"

నిజమే. అతన్ని పట్టుకోవాలంటే ఎవరో ఒకరు ఒక తడి పడుగు దాటాలి. ముప్పై మంది మగవాళ్లు ఇటూ అటూ నిలబడి, చేతులు చాచి, తిట్లు మాత్రం విసిరారు. తనను ఆపిన కట్టుబాటే ఇప్పుడు తనకు కాపలా కాసింది. మూటను అవతలి అరుగు మీద దించి, వెనక్కి వచ్చి, బండిని నెట్టాడు, పరిగెత్తాడు, ఆలోచించకుండా ఎగిరాడు. పెద్దమ్మ కుంచె దించి, కర్రకు మిగిలిన తెగిన కొసలను ఒక్కొక్కటే సవరిస్తోంది. అది వీపు మీద దెబ్బలా తగిలింది.

ఏడు పంతొమ్మిది. వంతెన. ఆ తర్వాత నాలుగు మైళ్ల రోడ్డు, ఖాళీగా, సూటిగా.

ఆరోజు మొదటిసారి టెంపెస్ట్ తన పేరు నిలబెట్టుకుంది. నలభై. అరవై. గాగుల్స్ అద్దాలు వణికాయి, మీసం ఊడి ఎటో పోయింది. ఎనభై అయిందో తొంభై అయిందో, చింతచెట్లు గోడలా కలిసిపోయాయి. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి చెంగల్రాయలు తలలో ఒక్క మాట కూడా లేదు.

చెట్ల నీడలో రెండో టెంపెస్ట్ నిలిపి ఉంది. పక్కన కెస్లర్, చేతిలో వాచీ, నోట్లో చుట్ట. దూసుకుపోతున్న శిష్యుణ్ణి చూసి చుట్ట జారవిడిచాడు. పిస్టల్ తీసి ఒక గుండు పేల్చాడు, అది ఆకుల్లో పోయింది. వెంటబడాలంటే బండి నడవాలి. కెస్లర్ నెట్టాడు, పరిగెత్తాడు. ఇంజను దగ్గింది, ఉమ్మింది. మళ్లీ నెట్టాడు. చెంగల్రాయలు వెనక్కి చూసిన చివరిసారి, ఆ గురువు ఎర్రబడిన మొహంతో తన పాఠాన్ని తనే నెట్టుకుంటూ పరిగెడుతున్నాడు.

ఏడు ఇరవై మూడు. స్టేషన్ మాస్టర్ బాలచంద్రన్ చుట్టిన పచ్చజెండా పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"రైలు నిలపాల సార్!"

"ఎందుకు?"

"చెప్పకూడదు."

"ఆర్డర్ ఎక్కడ?"

"రాతలో లేదు."

"రాతలో లేనిది నా స్టేషన్‌లో లేదు. లైన్ క్లియర్ అయిపోయింది. మీరు ప్లాట్‌ఫాం టిక్కెట్టు కూడా తీసుకోలేదు, గమనించినారా?"

నాలుగు నిమిషాలు అదే మాట నాలుగు విధాలుగా అడిగాడు, అదే జవాబు నాలుగు విధాలుగా వచ్చింది. దూరంగా కూత వినిపించింది. చెంగల్రాయలు బాలచంద్రన్ మొహం చూశాడు. నిజాయితీగల మొహం. పుస్తకంలో ఉన్నంతవరకే లోకం అనుకునే మొహం. తనకు బాగా తెలిసిన మొహం.

అతను వాదన మధ్యలోనే వదిలి, బండిని నెట్టాడు. ఈసారి ఇంజను కోసం కాదు. ప్లాట్‌ఫాం చివర లెవెల్ క్రాసింగు గేటు దగ్గర, పట్టాలకు అడ్డంగా దాన్ని నిలబెట్టి, తన కోటు విప్పి దాని మీద చేతులు చాచిన మనిషిలా పరిచి, పక్కకు దూకాడు.

బ్రేకుల అరుపు చాలాసేపు సాగింది. ఇంజను ముందరి ఇనుపకమ్మి టెంపెస్ట్ చక్రాన్ని ముద్దుపెట్టుకొని, అప్పడంలా వంచి, ఆగింది.

కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. మూడో పెట్టెలోంచి ఒక గొంతు, అతనికి చిన్నప్పటి నుంచి తెలిసిన గొంతు: "యాడి గుడ్డోడప్పా వీడు! బండి నిలిపేదానికి పట్టాలే దొరికినాయా? దిగినానంటే మక్కెలిరగదంతా!"

ఎల్లప్పే. గాగుల్స్ వెనక అన్నను గుర్తుపట్టలేదు. చెంగల్రాయలు గాగుల్స్ ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు. ఎల్లప్ప ఇంకో మూడు తిట్లు తిట్టాడు. అన్నీ అందుకొన్నాడు.

ఏడు ముప్పై రెండుకి, మైలు దూరంలో, భూమి గొంతు సవరించుకుంది. కాకులు లేచాయి. నల్లటి పొగ ఒక స్తంభంలా నిలబడి వంగింది. బాలచంద్రన్ చుట్టిన పచ్చజెండా విప్పి, ఎందుకు విప్పాడో తెలియనట్టు చూసి, మళ్లీ చుట్టాడు.

కెస్లర్ రోడ్డు పక్కన దొరికాడు. పారిపోలేదు, పారిపోయే ఓపిక లేదు. పద్దెనిమిదిసార్లు నెట్టాడట. మధ్యాహ్నానికల్లా నూలు పంచిన ఇద్దరినీ జానకిరామన్ పట్టుకున్నాడు, బాంబు పెట్టినవాళ్లు మాత్రం ఇంకా దొరకలేదు. అందుకని ఆ చప్పుడు క్వారీలో రాళ్లు పేల్చిందని ఊళ్లో దండోరా వేయించాడు. కబురు ఊళ్లోకి పాకకుండా సిపాయిలను స్టేషన్ గేటు దాటనివ్వలేదు. పుష్పవతి మాత్రం ఆలంగాయంలో నాటకం ఆడుతోందని తెలిసింది. "సంగతి చెప్పింది ఆమే గదా, ఏమని అరెస్టు చేసేది?" అన్నాడు జానకిరామన్ విసుగ్గా. "బండి ఏమైంది? అది సర్కారు సొత్తు!"

"నిలబడినప్పుడు బాగా పనిచేసింది సార్."

మిట్టమధ్యాహ్నం నేతగాళ్ల వీధిలో రెండు పడుగులు ఆరి, చుట్టి లోపలికి పోయాయి. నడిమిది అలివేలమ్మ అరుగు మీద ఎర్రగా గడ్డకట్టి ఉంది. ఆమె దాన్ని నీళ్లతో తడిపి, పోగు పోగూ విడదీస్తోంది. చెంగల్రాయలు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎందుకు కోసినావో చెప్పు. వింటా."

"చెప్పేదానికి లేదు పెద్దమ్మా."

"లేదా? పదకొండేండ్లకి వచ్చి, కత్తి పెట్టి, చెప్పేదానికి లేదంటావా? పొద్దున్నే ఆ రాళ్లు పేల్చిన మోత కూడా ఉరుములా వినబడింది, అప్పుడే అనుకున్నా పాడుదినమని." ఆమె తల ఎత్తలేదు. "మా ఎల్లప్ప ఇంట్లో ఉండుంటే నీ చేతులు ఇరిచుండును."

"ఇరిచుండును పెద్దమ్మా," అన్నాడు చెంగల్రాయలు. ఆ మాట అంత సంతోషంగా ఎందుకు వచ్చిందో ఆమెకు అర్థం కాక ఒకసారి చూసింది.

తర్వాత, పోగులు అతికేటప్పుడు వేళ్లకు అద్దుకొనే బూడిద చిప్పను కాలితో అతని వైపు జరిపింది. "రెండు వేల నలభై పోగులు. తొంభై మైళ్ల బండి తోలినోడివంట గదా. పొద్దు గూకేలోగా అన్నీ అతికించు, చూస్తా నీ వేగం."

చెంగల్రాయలు అరుగు మీద కూర్చున్నాడు. వేళ్లు బూడిదలో అద్ది, తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకొని, మొదటి పోగు మెలివేశాడు.